వయోజనుల విజువల్ నావెల్‌లలో కథనం, పాత్రచిత్రణ

తెరపై ఒక నేపథ్య చిత్రం, దాని ముందు నిలుచున్న ఒక పాత్ర బొమ్మ, అడుగున మూడు నాలుగు పంక్తులు పట్టే మాటల పెట్టె, వెనుక సన్నని సంగీతం: విజువల్ నావెల్ అనే కంప్యూటర్ క్రీడకు పైకి కనిపించే సరంజామా ఇంతే. మీట నొక్కిన ప్రతిసారీ ఒక వాక్యం ముందుకు జరుగుతుంది. అప్పుడప్పుడు కథ ఆగి, రెండు మూడు దారులు చూపి, ఏది కావాలో తేల్చుకొమ్మని చదువరిని అడుగుతుంది. పరుగులు, కాల్పులు లేని ఈ క్రీడలో ఆడేవారు చేసే పని చాలా భాగం చదవడమే.

జపానులో ఈ ప్రక్రియ పెరిగింది ప్రధానంగా పద్దెనిమిదేళ్లు నిండినవారికే అమ్మే శృంగార క్రీడల అంగట్లో. అందువల్ల దీనిని గురించి రెండు తేలిక అభిప్రాయాలు వ్యాప్తిలో ఉన్నాయి. బూతుబొమ్మలకు కథ ఒక సాకు మాత్రమేనని ఒకటి; కథ గొప్పదైతే ఆ దృశ్యాలను పట్టించుకోనక్కర లేదని మరొకటి. రెండింటిలోనూ కొంత నిజం ఉన్నా, ఈ రచనల మంచిచెడ్డలు తేలేది వేరే ప్రశ్న దగ్గర. కథలోని స్త్రీ తనకంటూ ఒక మనసు, ఒక పని, కాదనే హక్కు కలిగిన మనిషా? లేక సరైన జవాబులు ఎంచుకున్నవానికి దక్కే బహుమానమా? ఈ రంగంలోని మంచి రచయితలందరూ ఏదో ఒక విధంగా ఈ ప్రశ్నతో పెనుగులాడినవారే.

పుట్టుక

1983లో యూజి హోరీయి రాసిన 'పోర్టోపియా సీరియల్ మర్డర్ కేస్' జపానులో కంప్యూటర్ అపరాధ పరిశోధన కథలకు బాట వేసింది. అదే హోరీయి మూడేళ్ల తరువాత 'డ్రాగన్ క్వెస్ట్'తో దేశమంతటా ప్రసిద్ధుడయ్యాడు. 1992లో చున్‌సాఫ్ట్ సంస్థ 'ఒతొగిరిసో' అనే భయానక కథను వెలువరిస్తూ, తెర నిండా అక్షరాలు పరచి, శబ్దాలతో దడిపించి, దానికి 'సౌండ్ నావెల్' అని పేరు పెట్టింది. ఆ పద్ధతిని శృంగార క్రీడలలోకి తెచ్చినది లీఫ్ సంస్థ. 1996లో వచ్చిన 'షిజుకు', 'కిజుఆతో' అనే రెండు చీకటి కథలను అది 'విజువల్ నావెల్' వరుసగా ప్రకటించింది. ఆ పేరే తరువాత ప్రక్రియ మొత్తానికి స్థిరపడింది.

ఇంతకు ముందే ఒక కట్టుబాటు ఏర్పడింది. 1991లో ఒక విద్యార్థి ఇటువంటి క్రీడను దుకాణంలో దొంగిలించిన ఉదంతం పెద్ద రభసకు దారితీయగా, 1992లో ఉత్పత్తిదారులే కలిసి ఒక నియమావళి సంస్థను నెలకొల్పుకున్నారు. పెట్టెపై వయోపరిమితి ముద్ర, చిత్రాలలో కొన్ని భాగాలను మసకబరచడం వంటి నియమాలు దాని ద్వారా అమలులోకి వచ్చాయి.

మంచి రచయితలు ఈ అంగడికి ఎందుకు వచ్చారన్న దానికి సమాధానం ఆర్థికమైనది. కదిలే బొమ్మలు అక్కరలేదు. ఒకే పాత్ర బొమ్మకు కళ్లు, కనుబొమలు, పెదవులు మార్చి పది భావాలు పలికించవచ్చు. ఒక రచయిత, ఒక చిత్రకారుడు, ఒక సంగీతకారుడు, ప్రోగ్రామ్ రాసే మరొకరు ఉంటే పని సాగుతుంది. శృంగార దృశ్యాలు కొన్ని ఉన్నాయంటే కొంత అమ్మకానికి భరోసా. మిగిలిన కథలో తత్త్వమో, పురాణమో, కాలయానమో ఏది రాసుకున్నా అడిగేవారు తక్కువ. పేరున్న పత్రికలు, ప్రచురణ సంస్థలు తలుపు తీయని కొత్తవారికి ఇది దొరికిన చోటు.

అంకెల అచ్చు

ఈ క్రీడల లోపలి యంత్రాంగం చాలా సరళం. ప్రతి ఎంపికకూ వెనుక ఒక లెక్క ఉంటుంది. నాయికతో కలిసి నడిస్తే ఒక అంకె పెరుగుతుంది, నడవకపోతే పెరగదు. కథ ఒక కూడలికి వచ్చినప్పుడు ఆ అంకెను చూసి దారి మళ్లిస్తుంది. ఎల్ఫ్ సంస్థ 1992లో వెలువరించిన 'దోక్యూసెయి' ఈ పద్ధతికి పేరు తెచ్చింది. వేసవి సెలవులలో ఒక ఊరంతా తిరుగుతూ, ఏ వేళకు ఏ నాయిక ఎక్కడ ఉంటుందో కనిపెట్టడం అందులో ఆట.

చిక్కంతా ఇక్కడే ఉంది. అంకెను పెంచితే ప్రేమ పెరుగుతుందన్న అచ్చులో పాత్రను పోస్తే, ఆ పాత్ర తాళమవుతుంది, చదువరి తాళపుచెవి వెదికేవాడవుతాడు. ఎదుటి మనిషి ఏమనుకుంటున్నదో కాక, ఏ మాట నొక్కితే ఏమి వస్తుందో అన్నదే ధ్యాస. సాధారణ రచనలలో ఎక్కువ భాగం ఈ గోతిలోనే పడి ఉన్నాయి. శృంగార దృశ్యం వాటిలో అధ్యాయం చివర ఇచ్చే రసీదు వంటిది. అది లేకముందు, ఉన్న తరువాత పాత్రల మాటతీరులో వెంట్రుకవాసి తేడా కనిపించదు.

ఈ అచ్చును లోపలినుంచే ప్రశ్నించిన తొలి పెద్ద రచన 1996 డిసెంబరులో ఎల్ఫ్ నుంచే వచ్చిన 'యు-నో'. రచయిత హిరోయుకి కన్నో (1968–2011). కథానాయకుడైన తకుయా అరిమాకు చరిత్రకారుడైన తన తండ్రి నుంచి ఒక పరికరం, కొన్ని మణులు అందుతాయి. ఒక క్షణంలో మణిని వదిలితే, తరువాత ఆ క్షణానికి తిరిగి రావచ్చు. కథ కొమ్మలన్నీ తెరపై ఒక పటంగా కనిపిస్తూ ఉంటాయి. ఏ క్రీడలోనైనా చదువరి తన స్థానాన్ని భద్రపరచుకొని, తప్పయితే వెనక్కి వస్తాడు. ఆ అలవాటునే కన్నో కథలోని సంఘటనగా మార్చాడు. ఒక కొమ్మలో సంపాదించిన వస్తువు మరొక కొమ్మలో అవసరపడుతుంది. కథలోని కొన్ని బంధాల చిత్రణ ఈనాటి చదువరిని నొచ్చుకునేలా చేస్తుందన్నది దాచవలసిన మాట కాదు. నిర్మాణం మాత్రం ఇప్పటికీ ఒరవడిగానే ఉంది. 2017లో శృంగార దృశ్యాలు లేకుండా దీనిని కొత్తగా తయారుచేశారు.

చిరుతిండి గుర్తులు, వాటి వెనుక

1998లో టాక్టిక్స్ పేర వచ్చిన 'వన్' బృందం నుంచి కొందరు బయటికి వచ్చి 'కీ' అనే పేరుతో 1999లో 'కనోన్', 2000లో 'ఎయిర్' వెలువరించారు. జున్ మయెదా, నవోకి హిసాయా వీరిలో ముఖ్య రచయితలు. ముందు సగం హాస్యంతో గడిచే దైనందిన జీవితం, తరువాత సగం వియోగం. చదువరి కంట తడి పెట్టించడమే లక్ష్యమైన ఈ బాణీకి జపానులో 'ఏడిపించే క్రీడ' అన్న అర్థం వచ్చే 'నకిగే' అన్న పేరే పడింది.

'కనోన్' పాత్రలకు ఒక్కొక్కరికి ఒక్కొక్క తిండి. ఒకరికి చేప ఆకారంలో కాల్చిన తీపిరొట్టె, ఒకరికి ఆవిరిపై ఉడికించిన బన్ను, ఒకరికి స్ట్రాబెర్రీ, ఇంకొకరికి మంచు కురిసే చలిలో ఐస్‌క్రీం. దీనికి తోడు ఊతపదాలు. విమర్శకుడు హిరోకి అజుమా 2001లో వెలువరించిన గ్రంథంలో ఈ ధోరణిని విశ్లేషించాడు. చదువరులు ఇప్పుడు కథలను కాక, పిల్లిచెవులు, కళ్లద్దాలు, పనిమనిషి దుస్తులు వంటి లక్షణాల భాండారం నుంచి ఏరి కూర్చిన బొమ్మలను వినియోగిస్తున్నారని అతని వాదం. ఆ మాట నిజమే, కాని పూర్తిగా కాదు. ఊతపదం పాత్రకు చీటీ అంటించడానికీ పనికివస్తుంది, లోపలికి తలుపు తీయడానికీ పనికివస్తుంది. గిరీశాన్ని మాటతీరుతోనే పోల్చుకొనే తెలుగు చదువరికి ఇది కొత్త సంగతి కాదు. 'కనోన్'లో ఆ చేపరొట్టె ఏడేళ్ల కిందటి ఒక చలికాలపు జ్ఞాపకానికి ముడి. కథానాయకుడు మరచిపోయిన ఆ ఘట్టం బయటపడే దాకా అది నవ్వులాటగానే ఉంటుంది. నవ్వించిన వస్తువే తరువాత గుండెను పట్టుకుంటుంది.

'ఎయిర్' మరింత సాహసం చేసింది. మూడు భాగాల ఈ కథలో రెండవ భాగం వెయ్యేళ్లు వెనక్కి పోతుంది. మూడవ భాగంలో కథానాయకుడు కాకి రూపంలో ఉంటాడు. మాట్లాడలేడు, ఏమీ మార్చలేడు, చూడగలడు. దాదాపు ఎంపికలే ఉండవు. కథా కేంద్రం కూడా ప్రేమ నుంచి జరిగిపోయి, అక్క కూతురిని పెంచుతూ తల్లి కావడానికి జంకిన ఒక స్త్రీ చివరకు తల్లి కావడంపై నిలుస్తుంది. వయోజనుల క్రీడగా అమ్మిన రచనలో చివరి మూడవ వంతు తల్లీకూతుళ్లది! 'కనోన్' 2000లో, 'ఎయిర్' 2001లో శృంగార దృశ్యాలు తొలగించిన రూపంలో మళ్లీ వచ్చాయి. కథలకు లోటు కలగలేదు. దీని తాత్పర్యం స్పష్టం. ఆ దృశ్యాలు మొదటినుంచీ కథలో కలిసినవి కావు, అంగడి కోసం అంటించినవి. కీ సంస్థ 2004లో 'క్లన్నాడ్'ను మొదటే అందరి కోసం వెలువరించింది.

ఒకే మనిషి, మూడు దారులు

టైప్-మూన్ బృందం మొదట సొంతంగా తయారుచేసి అమ్ముకొనే ఔత్సాహికుల బృందం. 2000 డిసెంబరులో 'త్సుకిహిమె'ను అలాగే అమ్మింది. కినోకో నసు రాయగా తకాషి తకెఉచి బొమ్మలు గీసిన 'ఫేట్/స్టే నైట్' 2004 జనవరి 30న వచ్చింది. సాధారణంగా ఒక్కొక్క దారి ఒక్కొక్క నాయికది. ఇందులో కూడా పైకి అంతే. కాని మూడు దారులను వరుస తప్పి చదవడానికి వీలు లేదు. మొదటిది ముగిస్తే గాని రెండవది తెరుచుకోదు. కారణం, అవి మూడూ కలిసి షిరో ఎమియా అనే ఒకే మనిషిపై సాగే విచారణ.

పదేళ్ల కిందటి అగ్నిప్రమాదంలో తాను ఒక్కడే బతికి బయటపడ్డానన్న అపరాధభావం షిరోది. అందరినీ రక్షించే ధర్మపక్షపాతి కావాలన్నది అతని కోరిక. మొదటి దారిలో ఆ ఆశయం అందంగా కనిపిస్తుంది. రెండవ దారిలో అదే ఆశయాన్ని చివరి దాకా అనుసరించి విసిగి వేసారిన తన భవిష్యద్రూపమే శత్రువై ఎదురు నిలుస్తుంది. మూడవ దారిలో ప్రశ్న మరీ కఠినం: వేలమంది క్షేమమా, తాను ప్రేమించిన సకురా అనే ఒక్క మనిషి ప్రాణమా? ఆశయాన్నే పట్టుకున్న చదువరికి కథ అక్కడే చప్పున ముగిసిపోతుంది. మొదటి దారిలో మెచ్చుకున్న గుణమే మూడవ దారిలో శాపంగా మారడాన్ని చదువరి తన చేతులతోనే అనుభవిస్తాడు. అచ్చు నవలలో ఇది చెప్పడం సాధ్యమే. చేయించడం సాధ్యం కాదు.

ఇందులో నలభై వరకూ దుర్మరణ ముగింపులు ఉన్నాయి. ప్రతి దాని తరువాత ఒక హాస్య శిక్షణశాల తెరుచుకొని, తప్పు ఎక్కడ జరిగిందో సూచన ఇస్తుంది. విక్రమార్కుడు మౌనం వీడినప్పుడల్లా శవం మళ్లీ చెట్టెక్కే కథలు విన్న చెవులకు ఈ పునరావృత్తి వింత కాదు. వినేవాని నోటి మాట కథను మొదటికి తెచ్చే పద్ధతి మన నేలలో పాతదే.

నసు బలహీనత శృంగార దృశ్యాల దగ్గరే తెలిసిపోతుంది. మంత్రశక్తిని ఒకరినుంచి ఒకరికి బదిలీ చేయాలన్న సాకుతో వాటిని కథలోకి లాక్కువచ్చాడు. అంతదాకా నిండుగా నడిచిన పాత్రలు అక్కడ బొమ్మలవుతాయి. 2007లో ఆ భాగాలు మార్చి 'రియాల్టా నువా'గా వచ్చిన రూపంలో కథ మరింత కుదురుగా ఉన్నదని చాలామంది అభిప్రాయం. 2024లో వచ్చిన సంస్కరించిన ప్రతి కూడా ఆ రూపాన్నే అనుసరించింది.

తీసివేస్తే కూలిపోయే కథ

దీనికి పూర్తిగా ఎదురు నిలిచే ఉదాహరణ ఫుమియాకి మరుతో రాసిన 'వైట్ ఆల్బమ్ 2'. లీఫ్ సంస్థ పూర్వభాగాన్ని 2010లో, ఉత్తరభాగాన్ని 2011లో వెలువరించింది. హరుకి గిటారు వాయిస్తాడు, కజుసా పియానో వాయిస్తుంది, సెత్సునా పాడుతుంది. బడి ఉత్సవంలో ఒక పాట కోసం కలిసిన ఈ ముగ్గురి స్నేహం, ముందుగా నోరు తెరిచి ప్రేమ చెప్పిన సెత్సునాకూ, చెప్పలేక మిగిలిన కజుసాకూ మధ్య చీలిపోతుంది. పూర్వభాగంలో ఒక్క ఎంపిక కూడా లేదు. జరుగుతున్న పొరపాటు కళ్లకు కట్టినట్టు కనిపిస్తున్నా ఆపడానికి మీట ఉండదు.

మూడేళ్ల తరువాత హరుకి విశ్వవిద్యాలయ విద్యార్థిగా ఉన్నప్పుడు ఉత్తరభాగం మొదలవుతుంది. ఆపైన ఉద్యోగ జీవితం. ఇక్కడ ఎంపికలు వస్తాయి, కాని ఒక్కటీ ఊరటనివ్వదు. ఒకరి చేయి పట్టుకోవడమంటే మరొకరిని మోసగించడమే. హరుకి మంచివాడు, పనిమంతుడు, అందరికీ సాయపడేవాడు. ఆ మంచితనం చాటునే తన పిరికితనాన్ని దాచుకుంటాడు. సెత్సునా నవ్వు వెనుక పట్టుదల, కజుసా కరుకుదనం వెనుక పసితనం. ఇద్దరిలో ఎవరూ బహుమానం కారు, ఇద్దరూ నష్టపోయేవారే. శారీరక సంబంధం ఇందులో నమ్మకద్రోహానికి సాక్ష్యం. దానిని కథనుంచి తీసివేస్తే తరువాత వచ్చే కన్నీళ్లకు కారణమే ఉండదు. అయినా 2012లో ప్లేస్టేషన్ 3కు వచ్చిన ప్రతిలో ఆ చిత్రాలు లేవు. సంఘటన మాత్రం ఉంది. చూపవలసిన అగత్యం లేదు, జరిగిందన్న ఎరుక తప్పదు. వయోజనుల సాహిత్యమన్న మాటకు ఈ రంగంలో సరైన అర్థం ఇదే.

మాటతీరే పాత్ర

జపనీస్ భాషలో 'నేను' అనడానికి పలు మాటలున్నాయి. 'వతాషి' మర్యాద, 'బొకు' మెత్తని మగపిల్లవాని మాట, 'ఒరె' మొరటుదనం కలిసిన చనువు. పేరు చివర చేర్చే 'సాన్', 'కున్', 'చాన్'ల తేడా అంతే ముఖ్యం. సకురా తాను ప్రేమించేవానిని కథ పొడవునా 'సెన్పాయ్' అనే పిలుస్తుంది. అంటే చదువులో పెద్దవాడు. ఆ ఒక్క పిలుపులో గౌరవం, బెరుకు, దూరం మూడూ ఉన్నాయి. 'సేబర్' అనే వీరవనిత షిరోను 'మాస్టర్' అనడం మాని పేరుతో పిలవడమే ఒక సంఘటన. ఇంగ్లీషు అనువాదంలో ఈ సొగసు చాలా భాగం జారిపోతుంది. 'యు' అన్న ఒకే మాట నెత్తిన అంత బరువు నిలవదు. నువ్వు, మీరు, తమరు అనే మెట్లున్న తెలుగులోకి వచ్చి ఉంటే ఆ తేడాలకు చోటు దొరికేది. ఇంట తెలుగు, వీధిలో కన్నడమో ఒడియానో మరాఠీయో మాట్లాడేవారికి, ఒకే మనిషిని రెండు భాషలలో రెండు మెట్లపై పిలవడంలోని సున్నితం వివరించనక్కర లేదు.

జపాను వెలుపల

2004లో మొదలైన 'రెన్‌పై' అనే ఉచిత సాధనం వల్ల ఈ ప్రక్రియ జపాను ఎల్లలు దాటింది. దానితో ఔత్సాహికులు తయారుచేసిన వాటిలో 2012 జనవరి 4న ఉచితంగా వెలువడిన 'కతావా షౌజో' ప్రసిద్ధం. ఒక జపనీస్ చిత్రకారుడు గీసిన ఒక్క పేజీ ఊహాచిత్రాల నుంచి, వేర్వేరు దేశాలవారు కొన్నేళ్ల పాటు శ్రమించి దీనిని రాశారు. పేరులోని మొదటి మాట వికలాంగులను చులకన చేసే పాత జపనీస్ మాట. ఈ పేరు ఎంచుకోవడం మంచిదేనా అన్న వాదన నేటికీ ఉంది. గుండెజబ్బుతో ప్రత్యేక పాఠశాలకు వచ్చిన హిసావోకు అక్కడ చూపు లేనివారు, వినికిడి లేనివారు, చేతులు లేని చిత్రకారిణి, కాళ్లు కోల్పోయిన పరుగుపందెగత్తె, కాలిన మచ్చలతో జనానికి జడిసే హనకో పరిచయమవుతారు.

జాలి కథ కావడానికి అన్ని అవకాశాలూ ఉన్న ఇతివృత్తమిది. రచయితలు ఆ వైపు పోలేదు. హనకో దారిలో సహజంగా మంచివిగా తోచే ఎంపికలు ఆమెను కాపాడేవి, కనిపెట్టుకొని ఉండేవి. వాటినే ఎంచుకుంటూ పోతే చివరకు ఆమె గది తలుపు దగ్గర, తనను పసిపిల్లలా చూస్తున్నందుకు అతనిపై విరుచుకుపడుతుంది, స్నేహమే తెగిపోతుంది. దయ చూపితే అంకె పెరగాలి కదా అన్న పాత అలవాటుకు అది చెంపపెట్టు. క్రీడ ఆరంభంలోనే శృంగార దృశ్యాలు కనిపించకుండా అమర్చుకొనే వీలు కూడా ఇందులో ఉంది.

క్రిస్టీన్ లవ్ రాసిన 'లేడీకిల్లర్ ఇన్ ఎ బైండ్' 2016లో వచ్చింది. ఇందులో జవాబులు సంభాషణ నడుస్తూ ఉండగానే తెరపైకి వచ్చి, కాసేపటికి మాయమవుతాయి. ఊరుకోవడం కూడా ఒక జవాబే. అంగీకారం, అధికారం అనేవి కథావస్తువైన ఈ రచనలో ఒక దృశ్యంపై విమర్శలు రాగా, 2017 ఆరంభంలో రచయిత్రి దానిని మార్చింది. అదే ఏడు ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్‌లో కథనానికి ఇచ్చే పురస్కారం దీనికి దక్కింది.

నియమాలు, అంగడి

జపాను నియమావళి ప్రకారం శృంగార దృశ్యాలలోని పాత్రలందరూ పద్దెనిమిదేళ్లు పైబడినవారని ప్రకటించాలి. అయితే కథలలో ఎక్కువ భాగం బడిచుట్టూ, బడి దుస్తులతో నడుస్తాయి. పెట్టెపై ఒక అంకె అచ్చువేసినంత మాత్రాన ఈ అభ్యంతరం తీరదు; బొమ్మ ఒకటి చెబుతూ ముద్ర మరొకటి చెబితే చదువరి నమ్మేది బొమ్మనే. స్త్రీలపై హింసనే ఆటగా చేసిన ఒక క్రీడపై 2009లో అంతర్జాతీయంగా నిరసన రేగగా, ఆ నియమావళి సంస్థ అటువంటి వాటిని నిషేధించింది.

విదేశాలలో స్టీమ్ అంగడి 2018 సెప్టెంబరు నుంచి కత్తెర వేయని వయోజనుల క్రీడలను అనుమతించింది. 2025 జూలైలో చెల్లింపు సంస్థల ఒత్తిడి వల్ల స్టీమ్ కొన్నింటిని తొలగించింది, ఇచ్.ఐఓ అయితే వయోజనుల రచనలను తన వెదుకులాట నుంచి తప్పించింది. ఈ దెబ్బ నాసిరకం వాటితో పాటు ఆలోచించి రాసినవాటికీ తగిలింది. భారతదేశంలో అశ్లీలమైన వాటిని ఎలక్ట్రానిక్ రూపంలో ప్రచురించడం, పంపడం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 67వ సెక్షన్ కింద నేరం. ఇక్కడినుంచి రాయదలచినవారు ముందుగా చూసుకోవలసినది అదే.

శృంగారం లేకుండా రాయదలచినవారికి రెన్‌పై అచ్చంగా పనికివస్తుంది. చాలాకాలం దానిలో భారతీయ లిపులు సరిగా కుదిరేవి కావు. తెలుగు ఒత్తులు విడిపోయి పక్కన పడేవి. ఇటీవలి ప్రతులలో అక్షరాలను కూర్చే పద్ధతి మారింది కనుక, తగిన ఫాంటు జతచేస్తే గుణింతాలు, ఒత్తులు తమ చోట్లలో నిలుస్తున్నాయి.